మోనోవై, నెబ్రాస్కా: 123 మంది నుంచి ఒక్కరి దాకా ఒక ఊరి కథ

#1 పాతపటాలు

అమెరికా నడిమధ్య రాష్ట్రాల చిన్న ఊళ్ల గురించి ఈ వేదికలో ఎప్పుడో ఒకసారి మాట్లాడుకున్నాం, అది సగంలోనే ఆగింది. ఈసారి ఒకే ఊరిని తీసుకుందాం. నెబ్రాస్కా ఉత్తరపు అంచున, సౌత్ డకోటా సరిహద్దుకు దగ్గర్లో, బోయ్డ్ కౌంటీలో మోనోవై అనే గ్రామం ఉంది. 2010 జనగణనలో అక్కడ ఒకే ఒక్క మనిషి నమోదయ్యారు, ఎల్సీ ఐలర్ గారు. గ్రామపాలక హోదా ఉండి ఒక్కరే నివసించే ఊరు అమెరికా మొత్తంలో ఇదొక్కటేనని పత్రికలన్నీ రాశాయి.

ఆ ఒక్క అంకె గురించి అందరూ రాశారు. నాకు దాని ముందున్న అంకెలు కావాలి. వరుసగా పెడుతున్నాను: 1910లో 109, 1920లో 100, 1930లో 123, 1940లో 99, 1950లో 67, 1960లో 40, 1970లో 16, 1980లో 18, 1990లో 6, 2000లో 2, 2010లో 1. 2020లో మళ్లీ 2 అని వచ్చింది, దాని సంగతి వేరే ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

వరద ముంచెత్తలేదు. యుద్ధం రాలేదు. గని మూతపడలేదు, అసలు అక్కడ గనే లేదు. చుట్టూ భూములు ఇప్పటికీ పంట పండుతున్నాయి, పశువులు మేస్తున్నాయి. మరి ఊరు ఎలా ఖాళీ అయింది? ఇదే నా ప్రశ్న. తెలిసినవాళ్లు తీరిగ్గా రాయండి.

#2 నిజంగానా

150 మంది అని చదివానే నేను? 123 ఎక్కడిది?

#3 పాతపటాలు

150 అనేది ఊరు నిండుగా ఉన్న 1930ల గురించి పత్రికల్లో తిరిగే అంకె. 1930 జనగణన లెక్క మాత్రం 123. ఈ లెక్క పదేళ్లకోసారి ఒక తేదీ నాటిది, అది కూడా ఊరి హద్దు లోపలి ఇళ్లదే. చుట్టుపక్కల పొలాల్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు ఊరి లెక్కలోకి రావు. కానీ వాళ్ల సరుకులు, ఉత్తరాలు, పిల్లల చదువు అన్నీ ఈ ఊరితోనే. అందుకే ఊరికి ఆసరా అయిన జనం ఎప్పుడూ ఊరి జనాభా కంటే ఎక్కువే. దీన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ బాగా అర్థమవుతుంది.

#4 మొక్కజొన్న_పొలం

నేను అయోవాలో వ్యవసాయ యంత్రాల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. రైతులతో రోజూ మాట్లాడే ఉద్యోగం. పాతపటాలు గారి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు రైలుతో మొదలవుతుంది.

మోనోవైకి హద్దులు గీసి స్థలాలు విడగొట్టింది 1902లో. అదే సమయంలో ఫ్రీమాంట్, ఎల్క్‌హార్న్ అండ్ మిస్సోరీ వ్యాలీ రైల్‌రోడ్ తన దారిని వెర్డిగ్రీ వైపు నుంచి పోంకా క్రీక్ లోయ వెంబడి సౌత్ డకోటాలోని బోన్‌స్టీల్ దాకా పొడిగించింది. ఆ కంపెనీ 1903లో షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైలు కంపెనీలో కలిసిపోయింది. ఈ దారి మీద వెర్డెల్, మోనోవై, లించ్, బ్రిస్టో ఇలా కొద్ది మైళ్లకొక ఊరు వరుసగా కనిపిస్తుంది. ఆ దూరాలు ఊరికే కుదిరినవి కావు. ఆవిరి ఇంజనుకు నీళ్లు కావాలి. అంతకంటే ముఖ్యంగా, గుర్రపు బండి మీద ధాన్యం వేసుకొచ్చే రైతు పొద్దున బయల్దేరి, సరుకు దించి, ఇంటికి కావాల్సినవి కొనుక్కుని, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. అలా చేరగలిగినంత దూరంలోనే స్టేషన్, దాని పక్కన ధాన్యపు గోదాము, దుకాణం, పోస్టాఫీసు.

అంటే ఈ ఊరిని గుర్రం నడక కొలిచి పెట్టారు. మోటారు బండి వచ్చాక ఆ కొలత మారిపోయింది. పది మైళ్ల అవతల పెద్ద దుకాణం ఉంటే, అరగంటలో వెళ్లి వచ్చే మనిషి ఇక్కడి చిన్న దుకాణంలో ఎందుకు కొంటాడు? ఊరివాళ్ల తప్పు ఏమీ లేదు. ఊరు పుట్టడానికి ఉన్న కారణమే పోయింది.

రెండో కారణం పొలం సైజు. ప్రభుత్వ భూమిని సాగుచేసుకునేవాళ్లకు ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఒక కుటుంబానికి 160 ఎకరాలు. తూర్పు నెబ్రాస్కాలో అది చాలు. కానీ పడమరకు పోయేకొద్దీ వాన తగ్గుతుంది, బోయ్డ్ కౌంటీ లాంటి చోట అన్నేళ్లూ ఆ భూమి మీద బతకడం కష్టం. 1934, 1936 కరువులు, మిడతలు, పంట ధరల పతనం, వీటితో చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఆ భూమి కొన్నారు. ట్రాక్టర్ వచ్చింది, కంబైన్ వచ్చింది. 1935 ప్రాంతంలో అమెరికా మొత్తం మీద 68 లక్షల పొలాలుండేవి. ఇప్పుడు దాదాపు 19 లక్షలు. మోనోవై చుట్టూ జరిగింది అదే. నాలుగు కుటుంబాలు దున్నిన నేలను ఒక కుటుంబం దున్నుతోంది. పంట తగ్గలేదు, బడికి పంపే పిల్లలు తగ్గారు.

#5 పాతపటాలు

ఇలాంటి జవాబు కోసమే ఈ చర్చ పెట్టాను, చాలా థాంక్సండీ. 1930 నుంచి 1970 దాకా అంకెలు చూడండి, మీరు చెప్పినదంతా అందులో ఉంది. నలభై ఏళ్లలో 123 నుంచి 16. ఏ ఒక్క దశాబ్దంలోనూ ఊరు ఒక్కసారిగా కూలిపోలేదు. ఒక్కో ఇల్లు, ఒక్కో ఇల్లు చొప్పున తగ్గుతూ వచ్చింది.

#6 ఒమాహా_రోడ్డు

నేను ఒమాహాలో ఉంటాను, మోనోవై వెళ్లాను కూడా. నార్ఫోక్ మీదుగా నాలుగు గంటల దాకా పడుతుంది. నయోబ్రారా పట్టణం దాటాక 12వ నంబరు హైవే మీద పడమరకు పోవాలి. చిన్న చిన్న గుట్టలు, గడ్డి మైదానాలు, అక్కడక్కడా మొక్కజొన్న. మన ఒమాహా తెలుగువాళ్లలో చాలామంది నెబ్రాస్కా అంటే ఒమాహా, లింకన్ అంతే అనుకుంటారు. ఈ వైపు ఒకసారి చూడాలి. రాష్ట్రం అసలు ముఖం ఇటే ఉంది.

ఊరి పేరు, దాని కింద 1 అని రాసిన ఆకుపచ్చ బోర్డు రోడ్డు పక్కనే ఉంటుంది. అందరూ దాని దగ్గర ఫోటో దిగుతారు. లోపలికి వెళ్తే కూలిపోతున్న ఇళ్లు, చెట్లు కమ్మేసిన గోడలు, పాత చర్చి. ఒక్క భవనం మాత్రం సజీవంగా ఉంటుంది: మోనోవై టావెర్న్ అనే బార్. అందులో గ్రిల్ మీద హ్యాంబర్గర్లు కాలుతుంటాయి, చుట్టుపక్కల కౌంటీల రైతులు, ట్రక్కు డ్రైవర్లు, మాలాంటి దారినపోయేవాళ్లు కూర్చుని ఉంటారు. ఆదివారం రాత్రి పేకాట ఆడటానికి చాలా దూరం నుంచి వస్తారని విన్నాను.

మేము వెళ్లినప్పుడు లోపల పదిమందికి పైనే ఉన్నారు. ఒక్కరున్న ఊరు అని తలచుకుని వెళ్లినవాణ్ని, ఒకరినొకరు పేరు పెట్టి పలకరించుకునే మనుషుల మధ్య కూర్చున్నాను. #3లో పాతపటాలు గారు రాసిన మాట అక్కడ కళ్లారా చూశాను.

#7 పుస్తకాల_అర

ఎవరూ ఇంకా లైబ్రరీ గురించి చెప్పలేదు! నేను గ్రంథాలయ శాఖలో పనిచేసి వచ్చిన మనిషిని, నాకు ఈ ఊరు తెలిసిందే లైబ్రరీ వల్ల.

ఎల్సీ గారు మోనోవైకి దగ్గర్లోని పొలంలోనే పెరిగారు. ఒక గది బడిలో చదువుకున్నారు. రూడీ ఐలర్ అదే బడి పిల్లవాడు. పై చదువు లించ్‌లో. రూడీ ఎయిర్‌ఫోర్స్‌లో చేరి కొరియా యుద్ధ కాలంలో పనిచేశారు. ఆమె ఎయిర్‌లైన్స్ ఉద్యోగం కోసం కాన్సస్ సిటీ వెళ్లారు. పెళ్లయ్యాక ఇద్దరూ సొంత ఊరికే వచ్చేశారు. 1971లో ఆమె తండ్రి నడిపిన టావెర్న్‌ను మళ్లీ తెరిచారు. ఊళ్లో 16 మంది మాత్రమే మిగిలిన సంవత్సరాలవి. తెలిసే తెరిచారు.

రూడీ గారు విపరీతంగా చదివే మనిషి. దాదాపు 5,000 పుస్తకాలు పోగుచేశారు. వాటిని ఊరి లైబ్రరీగా పెట్టాలని ఆయన కోరిక. 2004లో ఆయన పోయారు. ఆ తర్వాత కుటుంబం చిన్న తెల్లటి షెడ్డు కట్టి, అరలు పెట్టి, ఆ పుస్తకాలన్నీ అందులో సర్దింది. పేరు రూడీస్ లైబ్రరీ. అక్కడ సభ్యత్వ కార్డు, జరిమానా ఏమీ లేవు. కావాల్సిన పుస్తకం తీసుకెళ్లడం, చదివాక తెచ్చివ్వడం, అంతే.

నా ఉద్యోగకాలమంతా శాఖా గ్రంథాలయాలు పాఠకులు రావడం లేదని మూసేయడమే చూశాను. ప్రతిసారీ ఒకటే వాదన: రిజిస్టరులో సంతకాలు ఎన్ని? ఆ లెక్క ప్రకారం ప్రపంచంలో ఉండకూడని లైబ్రరీ ఇది. కానీ నడుస్తోంది, దారినపోయేవాళ్లు, పక్క ఊళ్లవాళ్లు చదువుతున్నారు. గ్రంథాలయం అనేది జనాభా నిష్పత్తి మీద కాదు, తలుపు తీసి ఉంచే మనిషి మీద నడుస్తుందని నేను బలంగా నమ్ముతాను.

#8 నిజంగానా

మేడమ్, మీ మాట గౌరవిస్తాను. కానీ ఒక సూటి ప్రశ్న. ఒక్క మనిషి కోసం పంచాయతీ హోదా, వీధిదీపాలు, రాష్ట్ర నిధులు ఎందుకు? పక్క ఊరిలో కలిపేస్తే పోదా? ఇది నేను కోపంతో అడగడం లేదు. పల్లెలకు డబ్బు సరిపోని చోటు నుంచి వచ్చాను కాబట్టి అడుగుతున్నాను.

#9 రెవెన్యూ_రిటైర్డ్

మంచి ప్రశ్న బాబూ. నేను ముప్పై ఏళ్లకు పైగా మండల కార్యాలయాల్లో పనిచేశాను. మన వ్యవస్థకీ వాళ్ల వ్యవస్థకీ ఉన్న తేడా చూస్తే జవాబు దొరుకుతుంది.

మన దగ్గర రెవెన్యూ గ్రామం అంటే నేల. సర్వే నంబర్లు, హద్దులు, అడంగల్. మనుషులు ఒక్కరూ లేకపోయినా ఆ గ్రామం రికార్డులో ఉంటుంది. వాటినే బేచిరాగు గ్రామాలంటాం. పక్క ఊరివాళ్లు భూమి సాగుచేసుకుంటారు, శిస్తు లెక్క ఆ గ్రామం పేరు మీదే రాస్తారు. మన జనగణనలోనూ నివాసం లేని గ్రామాలను విడిగా చూపిస్తారు. పాలన మాత్రం వేరే ఊళ్లో ఉన్న పంచాయతీది.

నెబ్రాస్కాలో అలా కాదు. అక్కడ విలేజ్ అంటే చట్టం కింద ఏర్పడ్డ ఒక సంస్థ. కనీసం 100 మంది ఉంటే ఆ హోదా వస్తుంది, 800 దాటితే సిటీ వర్గంలోకి పోవచ్చు. కానీ ఒకసారి ఏర్పడ్డాక, జనం తగ్గారు కాబట్టి అన్న కారణంతో హోదా దానంతటదే పోదు. దాన్ని ఎవరో ఒకరు నడపాలి. ఎల్సీ గారు మేయరు, క్లర్కు, ట్రెజరరు అన్నీ తానే. ఏటా ఊరి రోడ్ల ప్రణాళిక రాసి రాష్ట్రానికి పంపిస్తేనే ఆ నాలుగు వీధిదీపాలకు డబ్బు వస్తుంది. పన్ను విధించేది ఆమే, కట్టేదీ ఆమే. టావెర్న్‌కు మద్యం లైసెన్సు దరఖాస్తు పెట్టేది ఆమే, గ్రామం తరఫున మంజూరు చేసేదీ ఆమే.

దీన్ని చాలామంది వింతగా రాశారు. నాకు అందులో వింత కనపడలేదు, శ్రద్ధ కనపడింది. మనుషులున్న పంచాయతీల్లోనే గడువులోపు ప్రణాళికలు రాయించడానికి మేం ఎన్నిసార్లు తిరిగామో నాకు తెలుసు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు, ఓటు వేసేవాళ్లు లేరు. అయినా ఏటా ఫారాలు నింపి, లెక్కలు సరిచూసి పంపుతున్నారావిడ. ఆ కాగితాలు ఒక్క ఏడాది ఆగితే దీపాలు ఆరిపోతాయి, నీళ్లు ఆగిపోతాయి, అప్పుడు టావెర్న్ కూడా ఉండదు. టావెర్న్ పోతే ఒమాహా_రోడ్డు గారు చూసిన ఆ పదిమంది కూర్చునే చోటు పోతుంది. ఆ డబ్బు ఒక్క మనిషి కోసం అనుకోవడం సరికాదు.

#10 నిజంగానా

సార్, ఇది నేను ఆలోచించని కోణం. పన్ను ఆమె కూడా కడుతున్నారన్నది పత్రికల్లో ఒక్క వాక్యంలో వదిలేశారు. అయినా చివరికి ఒక ప్రశ్న మిగిలే ఉంది, ఆవిడ తర్వాత ఎవరు?

#11 లెక్కల_బడి

నిజంగానా గారి ప్రశ్నకు తర్వాత వద్దాం. ముందు 2020లో వచ్చిన ఆ 2 సంగతి చెప్తాను, ఎందుకంటే గణాంకాలు చదివేవాళ్లకు మోనోవై ఒక గొప్ప పాఠం.

అమెరికాలో జనగణన జవాబులను గోప్యంగా ఉంచాలని చట్టం ఉంది, టైటిల్ 13 అంటారు. ఇప్పుడు ఒక్క మనిషే ఉన్న ఊరి వివరాలు ప్రకటిస్తే ఏమవుతుంది? వయసు, జాతి, ఇల్లు సొంతమా అద్దెనా, అన్నీ ఎవరివో లోకానికి తెలిసిపోతాయి. కంప్యూటర్ల బలం పెరిగాక, ప్రకటించిన పట్టికలనూ బయట దొరికే ఇతర సమాచారాన్నీ కలిపి మనుషులను గుర్తుపట్టడం పెద్ద ఊళ్లలో కూడా సాధ్యమేనని సెన్సస్ బ్యూరో గ్రహించింది. అందుకే 2020 లెక్కలకు డిఫరెన్షియల్ ప్రైవసీ అనే పద్ధతి తెచ్చారు. చిన్న ప్రాంతాల అంకెలకు కావాలనే కొద్దిగా హెచ్చుతగ్గులు కలుపుతారు. రాష్ట్రం మొత్తం జనాభాను మాత్రం మార్చరు, ఎందుకంటే ప్రతినిధుల సభలో సీట్లు దాని మీదే పంచుతారు. ఒక్కో బ్లాకులో ఇళ్ల సంఖ్యనూ మార్చరు. మనుషుల సంఖ్య మాత్రం అటూఇటూ అవుతుంది.

నగరంలో ఒకరిద్దరు పెరిగినా తగ్గినా ఎవరికీ తెలియదు. మోనోవైలో ఒకరు కలిస్తే జనాభా రెట్టింపు. 2021లో విలేకరులు అడిగితే ఎల్సీ గారు తనకు తెలియకుండా ఇంకొకరు ఎక్కడ దాక్కుంటారు, ఉండటానికి తన ఇల్లు తప్ప వేరే ఇల్లే లేదు కదా అన్నారు. నూరు శాతం నిజం. ఊరి గురించి సంపూర్ణంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కరే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గోప్యత కాపాడటం అవసరమే, కానీ ఈ పద్ధతి భారం చిన్న ఊళ్ల మీదే ఎక్కువ పడుతోంది. ఇరవై, ముప్పై మంది ఉన్న గ్రామాలు ఈ దేశపు మధ్యభాగంలో ఎన్నో ఉన్నాయి. వాళ్ల అంకె నాలుగు తగ్గితే అది వాళ్లకు చిన్న విషయం కాదు. పాతపటాలు గారు పెట్టిన వరుసలో 2010 దాకా ఉన్న అంకెలనూ 2020 అంకెనూ ఒకే రకంగా చదవకూడదు.

#12 మొక్కజొన్న_పొలం

మా అయోవాలో కూడా ఇదే గొడవ విన్నాను. చక్కగా వివరించారు.

#13 నది_గట్టు

ఇంతమంది ఇంత రాశారు కానీ అందరూ 1902 నుంచే మొదలుపెట్టారు. ఆ నేల మీద చరిత్ర అప్పుడు మొదలవలేదు. నయోబ్రారా, మిస్సోరీ నదుల మధ్య ఉన్న ఆ భూమి పోంకా తెగది. మోనోవై పక్కన పారే వాగు పేరే పోంకా క్రీక్.

వాళ్లు మొక్కజొన్న పండించుకుంటూ, వేటాడుకుంటూ, అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకుని శాంతిగా బతికారు. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో ప్రభుత్వం పొరపాటున ఆ భూమిని సూ తెగకు రాసిచ్చింది. ఆ పొరపాటు దిద్దాల్సింది పోయి, 1877లో పోంకాలనే సైన్యంతో దక్షిణాన ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. దారిలోనూ అక్కడికి చేరాకా జబ్బులతో చాలామంది చనిపోయారు. నాయకుడు స్టాండింగ్ బేర్ కొడుకు కూడా చనిపోయాడు. తనను సొంత నేలలో, నయోబ్రారా గట్టున పూడ్చమని ఆ బిడ్డ అడిగాడు. 1879 జనవరి చలిలో ఆయన కొడుకు ఎముకలు తీసుకుని ముప్పైమంది దాకా ఉన్న చిన్న గుంపుతో ఉత్తరానికి నడిచాడు. సైన్యం పట్టుకుంది. ఒమాహాలో విచారణ జరిగింది. ఆదిమవాసి కూడా చట్టం దృష్టిలో మనిషేనని, అతన్ని బంధించే అధికారం లేదని జడ్జి ఎల్మర్ డండీ తీర్పు ఇచ్చాడు. ఆ తీర్పు వచ్చేదాకా చట్టం ఆ మాట చెప్పలేదు, ఆలోచించండి.

ఆ తర్వాత 1890లో ఈ భాగం నెబ్రాస్కాలో కలిసింది, 1891లో బోయ్డ్ కౌంటీ ఏర్పడింది, వలసదారులు వచ్చారు, పదేళ్లకు రైలు వచ్చింది. నేల కోసం ఎంతమంది ఎగబడ్డారో తెలుసా? 1904లో బోన్‌స్టీల్ అవతల రోజ్‌బడ్ రిజర్వేషన్ భూములకు లాటరీ పెడితే లక్షమందికి పైగా పేర్లు నమోదు చేయించుకున్నారు. కొన్నివేల మందికి మాత్రమే నేల దొరికింది.

నేను మోనోవైని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఎల్సీ గారి నిష్ఠ నాకూ గొప్పగా అనిపిస్తుంది. కానీ ఊరు ఖాళీ అవడం గురించి మాట్లాడుతున్నప్పుడు, ఆ నేల అంతకుముందు ఒకసారి బలవంతంగా ఖాళీ చేయించినదని చెప్పకపోతే కథ సగమే. నెబ్రాస్కా పోంకాల తెగ గుర్తింపును 1960లలో రద్దు చేశారు, 1990లో మళ్లీ ఇచ్చారు. వాళ్లు నయోబ్రారా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. 2019లో అమెరికా పార్లమెంటు భవనంలో నెబ్రాస్కా తరఫున స్టాండింగ్ బేర్ విగ్రహం పెట్టారు.

#14 ఒమాహా_రోడ్డు

నది_గట్టు గారూ, ఈ పోస్టు నా పిల్లలకు చదివి వినిపిస్తాను. ఆ దారిలోనే వెళ్లాను, పోంకా క్రీక్ బోర్డు చూశాను.

నయోబ్రారా పట్టణం గురించి ఒక మాట కలపనివ్వండి, మోనోవైకి పక్కనే కాబట్టి. ఆ పట్టణం రెండుసార్లు చోటు మారింది. 1881లో మంచుగడ్డల వరద వచ్చి పట్టణాన్ని ముంచేస్తే ఎత్తు మీదకు జరిపారు. తర్వాత మిస్సోరీ మీద 1957లో గావిన్స్ పాయింట్ డ్యామ్ కట్టాక, వెనక ఇసుక మేట వేసి భూగర్భ నీటిమట్టం పైకి లేచింది, ఇళ్ల కింది గదుల్లో నీళ్లు ఊరాయి. 1970ల్లో మళ్లీ కొండమీదకు మారారు. శ్రీశైలం ముంపు గ్రామాలవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు, మా అమ్మమ్మది అలాంటి ఊరే.

ఇంకా దగ్గరి సంగతి. 2019 మార్చిలో ముంచుకొచ్చిన తుఫాను, మంచుగడ్డల వరదకు నయోబ్రారా నది మీది స్పెన్సర్ డ్యామ్ తెగిపోయింది. బోయ్డ్ కౌంటీకి నీళ్లు ఇచ్చే గొట్టాలూ, రోడ్డు వంతెనా కొట్టుకుపోయాయి. ఇంత తక్కువ జనం ఉన్న కౌంటీ దాన్నంతా మళ్లీ నిలబెట్టుకుంది.

#15 పుస్తకాల_అర

ఊళ్లో సంస్థలు ఏ వరుసలో మూతపడ్డాయో కూడా ఇక్కడ నమోదు చేద్దాం. చర్చిలో చివరి అంత్యక్రియలు 1960లో, అవి ఎల్సీ గారి తండ్రివే. పోస్టాఫీసు 1967లో మూసేశారు. దుకాణాలు 1970 లోపు పోయాయి. బడి 1974లో. ఐలర్ దంపతుల పిల్లలిద్దరూ పని కోసం దూరం వెళ్లారు. ఆఖరికి 2000 నాటికి భార్యాభర్తలిద్దరే.

బడి మూతపడటమే ఊరికి అసలు దెబ్బ అని నా అనుభవం చెప్తోంది. దుకాణం పోతే పక్క ఊరికి పోయి కొనుక్కుంటారు. బడి పోతే పిల్లలున్న కుటుంబం ఆ ఊళ్లో ఇల్లు కట్టుకోవడం మానేస్తుంది.

#16 మొక్కజొన్న_పొలం

మేడమ్, ఈ ఒక్క చోట నేను ఒప్పుకోలేను. 1974 నాటికి ఊళ్లో 16 మందికి అటూఇటూ ఉన్నారు. బడి మూతపడింది పిల్లలు లేక. కారణం ముందే జరిగిపోయింది. బడి ఫలితం మాత్రమే.

#17 పుస్తకాల_అర

మోనోవై వరకు మీరన్నది నిజమే కావచ్చు. కానీ లించ్ చూడండి. అక్కడ బడి ఉంది కాబట్టే మోనోవై పిల్లలు అక్కడికి వెళ్లారు, ఆ కుటుంబాల సరుకులు, స్నేహాలు అటే మళ్లాయి. లించ్ ఇప్పటికీ ఊరుగా నిలబడింది, మోనోవై నిలబడలేదు. పెద్ద క్లాసుల బడి ఏ ఊళ్లో పెట్టారన్న నిర్ణయం దశాబ్దాల ముందే ఏ ఊరు మిగలాలో తేల్చేసింది. ఇది మన మండలాల్లోనూ జరుగుతోంది, అందుకే నేను పట్టుబడుతున్నాను.

#18 మొక్కజొన్న_పొలం

అలా చెప్తే ఒప్పుకుంటాను.

#19 లెక్కల_బడి

ఇప్పుడు నిజంగానా గారి ప్రశ్న: తర్వాత ఎవరు? ఆ ఊళ్లో ఎవరైనా వచ్చి నివాసం ఉంటే హోదా నడుస్తుంది, లేకపోతే ఆ నేల కౌంటీ పాలనలోకి పోతుంది. పోల్చడానికి అదే కౌంటీలో గ్రాస్ అనే ఇంకో గ్రామం ఉంది, 2010లో అక్కడ ఇద్దరు. బోయ్డ్ కౌంటీ మొత్తం కూడా 2010లో 2,099 నుంచి 2020లో 1,810కి దిగింది. కాబట్టి మోనోవైని వింతగా విడదీసి చూడొద్దు. అది ఈ వరుసలో అందరికంటే ముందు నడుస్తున్న ఊరు.

#20 నిజంగానా

వ్యోమింగ్‌లో బ్యూఫోర్డ్ అనే ఒక్కరున్న ఊరిని 2012లో వేలం వేశారు, వియత్నాం నుంచి వచ్చినాయన కొన్నాడు. మోనోవైని అలా ఎవరైనా కొనవచ్చా?

#21 రెవెన్యూ_రిటైర్డ్

బ్యూఫోర్డ్‌కు గ్రామపాలక హోదా లేదు బాబూ. అక్కడ అమ్మింది ఒక మనిషి ఆస్తిని: ఇల్లు, దుకాణం, పెట్రోలు బంకు, కొంత నేల. మోనోవైలో స్థలాలు కొనవచ్చు, అమ్మవచ్చు. గ్రామాన్ని మాత్రం ఎవరూ కొనలేరు, అది ఎవరి ఆస్తీ కాదు. అందుకే ఆ కాగితాల పనికి నేనంత విలువ ఇచ్చాను.

#22 పాతపటాలు

ఇంత మంచి చర్చ ఈ మధ్య చూడలేదు. ఇక చేయగల పని ఒకటి చెప్తాను. అమెరికా జనగణనలో ఇంటింటి పత్రాలు 72 ఏళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. కాబట్టి 1910 నుంచి 1950 దాకా మోనోవై ఇంటింటి జాబితా చేతిరాతలో ఉచితంగా చదువుకోవచ్చు. 1930 పత్రంలో ఇంట్లో రేడియో ఉందా అని ఒక గడి ఉంది. 1940లో అయిదేళ్ల కింద ఎక్కడ ఉన్నారని అడిగారు, కరువు కాలంలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలారో అందులో దొరుకుతుంది. 1890వి మాత్రం 1921 అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి, ఆ ప్రాంతపు తొలి వలసదారుల సంగతి ఆ పత్రాల్లో ఇక దొరకదు.

1930 పత్రం నేను మొదలుపెడతాను. లెక్కల_బడి గారు 1940 తీసుకోగలరా? వృత్తి గడి ముందు నింపండి. ఊళ్లో ఎంతమంది రైలు మీద, ఎంతమంది దుకాణాల మీద, ఎంతమంది పొలం మీద బతికారో తెలిస్తే #4 వాదన నిలుస్తుందో లేదో తేలుతుంది.

#23 లెక్కల_బడి

1940 నాది. 1950 కూడా ఇవ్వండి, 67 మందే కదా. పట్టిక గడులు ఇద్దరం ఒకేలా పెట్టుకుందాం: ఇల్లు, వయసు, పుట్టిన రాష్ట్రం లేదా దేశం, వృత్తి, ఇల్లు సొంతమా అద్దెనా.

#24 ఒమాహా_రోడ్డు

వెళ్లదలుచుకున్నవాళ్లకు: టావెర్న్‌కు సోమవారం సెలవు. శీతాకాలమైతే 12వ హైవే పరిస్థితి ముందు చూసుకుని బయల్దేరండి. దారిలో పెట్రోలు నయోబ్రారాలోనే పట్టించుకోండి.